తిరుపతిలో ఐదు పబ్లిక్ ఐపీలు, ఒక ఫైర్‌వాల్

తిరుపతిలో లీజ్డ్ లైన్ (ఐఎస్‌పీ, అంటే ఇంటర్నెట్ కంపెనీ, విడిగా ఇచ్చే లైను) ఉన్న వ్యాపారాలు ఇప్పుడు తక్కువేం కాదు. లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల లాడ్జీలు, ఎయిర్ బైపాస్ రోడ్డు మీద ల్యాబులు, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లు, ఇంకాస్త దూరం పోతే చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. లైనుతో పాటు నాలుగైదు పబ్లిక్ ఐపీలు, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచైనా చేరగలిగే అడ్రస్‌లు, కూడా చేతికొస్తాయి. వాటిని ఫైర్‌వాల్ మీద, అంటే ఆఫీసుకీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా ఉండే డబ్బా మీద, ఎలా పెట్టాలన్న దగ్గరే తోటి పనివాళ్లతో నాకు పేచీ మొదలవుతుంది.

నా వాదన ఇదీ. ఫైర్‌వాల్లో అడ్రస్ మార్చే రూలు వేరు, లోపలికి రానిచ్చే రూలు వేరు. మొదటిది నాట్, రెండోది పాలసీ. మనవాళ్లు రెండింటినీ కలిపేసి పోర్ట్ (ఒక్కో సర్వీసుకీ ఉండే తలుపు నంబరు) ఓపెన్ చేయడం అనే ఒకే పనిగా చూస్తున్నారు. మెయిల్స్ స్పామ్‌లో పడడం, లాగుల్లో (ఎవరెప్పుడు వచ్చారో రాసుకునే చిట్టాల్లో) ఊరంతా ఒకే అడ్రస్ నుంచి వచ్చినట్టు కనపడడం, చివరికి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) దాకా, నేను చూసే తిప్పలు చాలావరకు ఈ కలగాపులగంలో పుట్టినవే.

అవతలివాళ్ల మాటా చెప్పాలి, అది ఉత్త బద్ధకం కాదు. ఈ పనిలో నాకంటే చాలా సీనియర్ ఒకాయన ఎప్పుడూ అంటాడు: "వన్ టు వన్ నాట్ పెట్టి, పాలసీలో ఎనీ ఇచ్చేయ్ రా నాయనా. ఇంక ఫోన్లు రావు." వన్ టు వన్ అంటే ఒక పబ్లిక్ అడ్రస్ మొత్తాన్ని లోపలి ఒక మెషీన్‌కి కట్టేయడం, ఎనీ అంటే ఎవరైనా ఏ పోర్టుకైనా రావచ్చని. ఆయన లెక్క ఆయనకుంది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కింద వచ్చే డబ్బులు అంతంతమాత్రం. పలమనేరు దాకా ఒకసారి పోయి వస్తే ఆ రోజు అక్కడికే అయిపోతుంది. ఓనర్‌ని అడిగితే "కెమెరాలు ఫోన్లో కనపడతా ఉండాయి గదా సార్, ఇంకేం కావాల" అంటాడు. పని జరుగుతోంది కాబట్టి సరిగ్గానే ఉందని అందరూ అనుకుంటారు. అసలు చిక్కు కూడా అదే. తప్పుగా పెట్టిన నాట్ కూడా చాలాకాలం పనిచేస్తూనే ఉంటుంది.

నాట్ ఎందుకు వచ్చిందో క్లుప్తంగా. ఐపీ వెర్షన్ 4లో ఉన్న అడ్రస్‌లు మొత్తం 430 కోట్లకి కాస్త తక్కువ. అవి చాలవని తొంభైలలోనే తెలిసిపోయింది. 1996లో 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి ప్రైవేటు వాడకానికి వదిలేశారు. ఇవి ఎవరి ఆఫీసులో వాళ్లు వాడుకోవచ్చు, ఇంటర్నెట్ మీదికి మాత్రం పోవు. పోవాలంటే దారిలో పబ్లిక్ అడ్రస్‌గా మార్చాలి, ఆ మార్చడమే నాట్. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి నిల్వ ఖాళీ అయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన ఆసియా పసిఫిక్ ప్రాంతం కూడా చివరి భాగానికి వచ్చేసి రేషన్ మొదలుపెట్టింది. అందుకే ఈ రోజు ఐదు పబ్లిక్ ఐపీలంటే ఐదు సైట్ల స్థలం లాగా బిల్లు వేస్తారు.

ఐదు అని ఎందుకంటున్నానంటే, మామూలుగా ఇచ్చే స్లాష్ 29 బ్లాకులో ఎనిమిది అడ్రస్‌లుంటాయి. మొదటిది నెట్‌వర్క్‌ది, చివరిది బ్రాడ్‌కాస్ట్‌ది, ఒకటి ఐఎస్‌పీ రౌటర్‌ది. మనకి మిగిలేవి ఐదు. ఉదాహరణలు రాసుకోవడానికే పక్కనపెట్టిన 203.0.113.0 బ్లాకు తీసుకుందాం. చివర 1 ఉన్నది ఐఎస్‌పీది. 2 మన ఫైర్‌వాల్ బయటి ఇంటర్‌ఫేస్‌కి పెట్టాం. మరి 3, 4, 5, 6 ఎక్కడుంటాయి? సగం గొడవలు ఇక్కడే. ఆ నాలుగూ మామూలుగా ఏ మెషీన్ కార్డు మీదా ఉండవు. నాట్ రూలులో రాసిన అంకెలు, అంతే.

బయటినుంచి 4కి ఒక ప్యాకెట్ వచ్చిందనుకోండి. ఐఎస్‌పీ రౌటర్ ఆ తీగ మీద "203.0.113.4 ఎవరు?" అని కేకేస్తుంది. దాన్నే ఆర్ప్ అంటాం. ఎవరో ఒకరు "నేనే" అని తమ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబరు) చెప్పాలి. ఎవరూ పలకకపోతే ఆ ప్యాకెట్ ఫైర్‌వాల్ దాకా రానే రాదు. పాలసీ వందసార్లు మార్చినా, నాట్ రూలు తీసి మళ్లీ రాసినా ప్రయోజనం ఉండదు, లాగులో ఒక్క లైనూ పడదు. సిస్కో ఏఎస్ఏ లాంటి ఫైర్‌వాల్స్ నాట్ రూలు రాయగానే తామే పలుకుతాయి. జూనిపర్ ఎస్ఆర్ఎక్స్‌లో ప్రాక్సీ ఆర్ప్ అని విడిగా రాయాలి. పీఎఫ్‌సెన్స్‌లో వర్చువల్ ఐపీ కింద చేర్చాలి. మైక్రోటిక్‌లో అయితే ఆ అడ్రస్‌ని ఇంటర్‌ఫేస్‌కే అదనంగా తగిలిస్తే సరిపోతుంది. ఒక బ్రాండు అలవాటైనవాడు ఇంకో బ్రాండు ముందు కూర్చుంటే మొదట తడబడేది ఇక్కడే.

పాత ఫైర్‌వాల్ తీసి కొత్తది పెట్టిన రోజు ఇంకో తమాషా జరుగుతుంది. ఆఫీసులో ఇంటర్నెట్ వస్తుంది, మెయిల్ సర్వర్ మాత్రం బయటివాళ్లకి అందదు. 2 పనిచేస్తుంది, 4 పనిచేయదు. కొత్త డబ్బా ఆన్ అవగానే తన ఇంటర్‌ఫేస్ అడ్రస్‌ని చాటింపు వేసుకుంటుంది. నాట్‌లో ఉన్న అడ్రస్‌ల గురించి చాలాసార్లు వేయదు. ఐఎస్‌పీ రౌటర్ బుర్రలో 4 అంటే ఇంకా పాత డబ్బా మ్యాకే. సిస్కో రౌటర్లలో ఆ జ్ఞాపకం మామూలుగా 4 గంటలు ఉంటుంది. సాయంత్రం మార్చినవాడు రాత్రి తొమ్మిదింటి దాకా జుట్టు పీక్కుని, ఆపైన అదంతటదే బాగైతే "దేవుడే చూసుకున్నాడు" అంటాడు. మన ఊళ్లో ఈ మాట మరీ తేలిగ్గా వస్తుంది. ఐఎస్‌పీ నాక్‌కి (నెట్‌వర్క్ చూసుకునే కంట్రోల్ రూముకి) ఫోన్ చేసి ఆర్ప్ క్లియర్ చేయమంటే ఐదు నిమిషాల పని. లేదా కాసేపు 4ని ఇంటర్‌ఫేస్‌కే పెట్టి తీసినా ఆ చాటింపు వెళ్లిపోతుంది.

అందుకే లైను తీసుకునేటప్పుడే ఒక ప్రశ్న అడగమంటాను: బ్లాకుని అదే తీగ మీద ఇస్తున్నారా, లేక మా ఫైర్‌వాల్ వైపు రూట్ చేసి ఇస్తున్నారా? రూట్ చేసి ఇస్తే లింకుకి వేరే చిన్న స్లాష్ 30 ఉంటుంది, బ్లాకు మొత్తం నేరుగా మన డబ్బా దగ్గరికి వస్తుంది. ఆర్ప్ గొడవే ఉండదు. పైగా నాట్‌కి మొదటి అడ్రస్, చివరి అడ్రస్ అనే పట్టింపు లేదు కాబట్టి ఐదు కాదు, ఎనిమిదీ వాడుకోవచ్చు. అడిగితే ఇచ్చే ఐఎస్‌పీలు ఉన్నాయి. అడిగేవాళ్లే తక్కువ.

ఇప్పుడు ఎనీ దగ్గరికొద్దాం. పాలసీలో ఎనీ ఎందుకు పుడుతుందో చాలామంది గమనించరు. వచ్చిన ప్యాకెట్ మీద ఫైర్‌వాల్ ఏ పని ముందు చేస్తుంది, ఏది తర్వాత చేస్తుంది అన్నది తెలియకే పుడుతుంది. లినక్స్ మీద నడిచేవాటిలో గమ్యం అడ్రస్ ముందు మారిపోతుంది, వడపోత ఆ తర్వాత. అంటే పాలసీలో రాయాల్సింది లోపలి ప్రైవేటు అడ్రస్. సిస్కో ఏఎస్ఏలో 8.3 వెర్షన్‌కి ముందు పబ్లిక్ అడ్రస్ రాసేవాళ్లు, 2010లో ఆ వెర్షన్ వచ్చాక అసలు అడ్రస్ రాయాల్సి వచ్చింది. పాలో ఆల్టోలో ఇంకా విచిత్రం: అడ్రస్ నాట్‌కి ముందుది రాయాలి, జోన్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) మాత్రం నాట్ తర్వాతది. అంటే గమ్యం పబ్లిక్ ఐపీ, జోనేమో సర్వర్ ఉన్న లోపలి జోన్. ఇది తెలియనివాడు పబ్లిక్ రాస్తాడు, పనిచేయదు. ప్రైవేటు రాస్తాడు, పనిచేయదు. పక్కన ఓనర్ నిలబడి వాచీ చూసుకుంటుంటాడు, టెన్షన్. ఎనీ పెడతాడు, పనిచేస్తుంది! ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. సెక్యూరిటీ అక్కర్లేదని ఎవరూ అనుకోలేదు, అయినా తలుపు బార్లా తెరిచే ఉంది.

కొన్ని ఫైర్‌వాల్స్‌లో పాలసీ పేజీలోనే నాట్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అది బయటికి వెళ్లే ట్రాఫిక్ కోసం పెట్టింది. లోపలికి వచ్చే పాలసీలో కూడా దాన్ని ఆన్ చేసి వదిలేస్తే వచ్చినవాడి అసలు అడ్రస్ పోయి, ఫైర్‌వాల్ లోపలి అడ్రస్ తగులుకుంటుంది. రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఇచ్చే ల్యాబు సర్వర్లో లాగు తెరిస్తే మద్రాసు పేషెంటూ, మదనపల్లె పేషెంటూ, పాస్‌వర్డులు వరసగా ప్రయత్నించే దొంగా అందరూ 192.168.10.1 నుంచే వచ్చినట్టు ఉంటుంది. తప్పు పాస్‌వర్డులు కొట్టేవాణ్ని ఆపేసే సాఫ్ట్‌వేర్ ఆ సర్వర్లో ఉంటే ఇంకా బాగుంటుంది: అది ఫైర్‌వాల్‌నే బ్లాక్ చేసి కూర్చుంటుంది, సైటు అందరికీ బంద్. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి. అందరూ ఒకే అడ్రస్‌లా కనపడే లాగు 180 రోజులు దాస్తే ఎవరికి ఉపయోగం?

లోపలికి వచ్చే దారి గురించి ఇంత చెప్పాను గానీ, నాకు అసలు కోపం బయటికి వెళ్లే దారిని ఎవరూ పట్టించుకోకపోవడం మీద. గుజ్జు ఫ్యాక్టరీనే తీసుకోండి. కొనేవాళ్లు విదేశాల్లో ఉంటారు, కొటేషన్ నుంచి షిప్పింగ్ కాగితాల దాకా మెయిల్ మీదే నడుస్తుంది. మెయిల్ సర్వర్‌కి 4 అడ్రస్ అనుకుని, మెయిల్స్ వచ్చే 25వ పోర్ట్‌ని దానికి ఫార్వర్డ్ చేశారు. మెయిల్స్ వస్తున్నాయి, పని అయిపోయిందనుకున్నారు. కానీ పోర్ట్ ఫార్వర్డింగ్ అనేది వచ్చేవాటికే. సర్వర్ తనంతట తాను బయటికి పంపేటప్పుడు ఆఫీసులో అందరితో పాటు 2 అడ్రస్ మీద వెళ్తుంది. డొమైన్ ఎస్‌పీఎఫ్ రికార్డులో (ఈ డొమైన్ మెయిల్ ఏ అడ్రస్‌ల నుంచి రావచ్చో చెప్పే రికార్డులో) ఉన్నది 4. ఐఎస్‌పీతో పెట్టించిన రివర్స్ డీఎన్ఎస్ (అడ్రస్‌ని బట్టి పేరు చెప్పేది) కూడా 4కే. అవతలి సర్వర్ చూస్తుంది: మెయిల్ 2 నుంచి వచ్చింది, ఈ డొమైన్‌కి ఆ అడ్రస్‌తో సంబంధమే లేదు. స్పామ్‌లోకి తోసేస్తుంది. సీజన్‌లో, తోతాపురి లారీలు గేటు బయట వరస కట్టినప్పుడు, జవాబు రాని కొటేషన్ ఎంత నష్టమో ఆ ఫ్యాక్టరీవాళ్లనే అడగాలి.

ఇక్కడ మాత్రం మా సీనియర్ చెప్పిన వన్ టు వన్ నాట్ సరైన మందే. అది రెండు వైపులా పనిచేస్తుంది: వచ్చేవి 4కి వస్తాయి, వెళ్లేవీ 4గానే వెళ్తాయి. నాకు అభ్యంతరం వన్ టు వన్ మీద కాదు, దాని వెనక పెట్టే ఎనీ మీద. నాట్ మొత్తం అడ్రస్‌కి ఉండనివ్వండి. పాలసీలో 25, వెబ్‌మెయిల్ ఉంటే 443, ఫోన్లలో మెయిల్ చూసుకోవడానికి కావాల్సిన పోర్టులు, అంతవరకే. అడ్రస్ మార్చే రూలు ఎంత విశాలంగా ఉన్నా పర్వాలేదు, రానిచ్చే రూలు ఇరుగ్గా ఉంటే చాలు.

లాడ్జీల సంగతి దీనికి తిరగేసి చూడాలి. బ్రహ్మోత్సవాలప్పుడు గదులన్నీ నిండిపోతాయి, ప్రతి గదిలో నలుగురు, ప్రతి చేతిలో ఫోన్. ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఇంతమంది పడతారా అని భయపడి లాడ్జీవాళ్లు ఇంకో లైను తీసుకుంటుంటారు. పడతారు. ఒక్కో అడ్రస్‌కి అరవై అయిదు వేల పైచిలుకు పోర్టులున్నాయి, గమ్యం వేరైతే అదే పోర్టుని మళ్లీ వాడుకునే ఫైర్‌వాల్స్ కూడా ఉన్నాయి. అసలు ప్రమాదం వేరే. గెస్టుల్లో ఎవరి ల్యాప్‌టాప్‌లోనో వైరస్ ఉండి అది స్పామ్ పంపడం మొదలుపెడితే, బ్లాక్‌లిస్ట్‌లో పడేది లాడ్జీ 2 అడ్రస్. రిసెప్షన్ వాడే బుకింగ్ సైట్లూ, అకౌంట్స్ వాడే బ్యాంకు లింకూ అదే అడ్రస్ మీద పోతున్నాయి. ఐదు ఐపీలు చేతిలో పెట్టుకుని గెస్ట్ వైఫైనీ అకౌంట్స్‌నీ ఒకే అడ్రస్ మీద పంపడం ఏం తెలివి? గెస్ట్ వైఫైకి సోర్స్ నాట్‌లో (బయటికి వెళ్లేవాటి అడ్రస్ మార్చే రూలులో) 6 ఇచ్చేయండి, అక్కడినుంచి 25వ పోర్ట్ బయటికి పోకుండా ఆపేయండి. అదనపు పబ్లిక్ ఐపీకి నాకు తెలిసి ఇంతకంటే మంచి వాడకం లేదు. అయినా జనం దాన్ని తీసుకెళ్లి కెమెరాల రికార్డింగ్ డబ్బా డీవీఆర్‌కి తగిలిస్తారు.

బ్యాంకుల దగ్గర ఇంకో చిన్న విషయం. కంపెనీ సాఫ్ట్‌వేర్ నేరుగా బ్యాంకుతో మాట్లాడేచోట బ్యాంకువాళ్లు మన పబ్లిక్ ఐపీ అడిగి రాసుకుంటారు. రెండు లైన్లున్న యూనిట్లు రెండు అడ్రస్‌లూ ఇవ్వాలి. లేకపోతే మెయిన్ లైను పడిపోయిన రోజు ఇంటర్నెట్ ఉంటుంది, జీతాలు మాత్రం వెళ్లవు.

డీవీఆర్, దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్, టాలీ సర్వర్. ఈ మూడింటికీ పబ్లిక్ ఐపీ మీద పోర్ట్ ఇవ్వకూడదని నా పట్టుదల, దీన్లో బేరం లేదు. "3389 కాకుండా 33890 పెట్టాం సార్, ఎవరికి తెలుస్తాది" అంటారు. 3389 అంటే రిమోట్ డెస్క్‌టాప్ మామూలు పోర్టు. 2013లో మిషిగన్ యూనివర్సిటీవాళ్లు జీమ్యాప్ అనే టూల్ విడుదల చేశారు. గిగాబిట్ లైనున్న ఒకే ఒక్క మెషీన్‌తో మొత్తం ఐపీ వెర్షన్ 4 అడ్రస్‌లన్నిట్లో ఒక పోర్టుని 45 నిమిషాల్లోపు వెతికేయొచ్చని చూపించారు. లోకమంతా అంతసేపట్లో వెతికేవాడికి మన 33890 దొరకదా? 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ జిల్లాల పేర్లలో చిత్తూరు కూడా ఉందని అప్పుడు పేపర్లు రాశాయి. అది 445వ పోర్టు మీద వచ్చే పురుగు. ఇంటినుంచి టాలీ చూసుకోవాలంటే వీపీఎన్ (ఆఫీసులోకి ఎన్‌క్రిప్షన్‌తో వచ్చే దారి) ఉంది, మీరు డబ్బులిచ్చి కొన్న ఫైర్‌వాల్లోనే ఉంది. కెమెరాలకీ అదే దారి. రెండు నొక్కులు ఎక్కువవుతాయి, నిజమే.

ఈ మాటంటే వచ్చే జవాబు కూడా తెలుసు: "నాట్ ఉంది కదా, అదే సెక్యూరిటీ." ఇందులో కొంత నిజముంది కాబట్టే ఇది ప్రమాదకరం. కొండమీద దర్శనానికి పోయేముందు కౌంటర్లో సెల్‌ఫోన్ ఇస్తే టోకెన్ ఇస్తారు, తిరిగొచ్చి టోకెన్ చూపించినవాడికే ఫోన్ ఇస్తారు. సోర్స్ నాట్ కూడా లోపలినుంచి బయలుదేరిన ప్రతి కనెక్షన్‌కీ పట్టికలో ఒక గుర్తు రాసుకుంటుంది. బయటినుంచి గుర్తు లేకుండా వచ్చినదాన్ని ఎక్కడికి పంపాలో దానికి తెలియదు, కాబట్టి పడేస్తుంది. దారి తెలియక పడేసిందే గానీ వద్దనుకుని పడేయలేదు. వన్ టు వన్ నాట్ రాసిన క్షణం ప్రతి పోర్టుకీ దారి తెలిసిపోతుంది. అక్కడినుంచి ఆపాల్సింది పాలసీ, అక్కడేమో ఎనీ ఉంది.

సొంత సర్వర్ పేరు సొంత వైఫైలోనే తెరుచుకోని రోగం గురించి కూడా చెప్పాలి. డాక్టరుగారు ఇంట్లో రిపోర్టు చూడగలరు, ల్యాబుకి వచ్చి చూస్తే రాదు. లోపలి ఫోన్ 203.0.113.5ని అడుగుతుంది, ఫైర్‌వాల్ దాన్ని సర్వర్‌కి మళ్లిస్తుంది. సర్వరూ ఫోనూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే సర్వర్ నేరుగా తన ప్రైవేటు అడ్రస్ నుంచి జవాబు ఇచ్చేస్తుంది. ఫోన్ ఎదురుచూస్తున్నది 5 నుంచి వచ్చే జవాబు కోసం, ఈ కొత్త అడ్రస్ ఎవరిదో తెలియక పారేస్తుంది. హెయిర్‌పిన్ నాట్ (లోపలినుంచి వచ్చినదాన్ని మళ్లీ లోపలికే తిప్పే నాట్) పెట్టి, సోర్స్ కూడా మారిస్తే పనిచేస్తుంది, కానీ లాగులో మళ్లీ ఫైర్‌వాల్ అడ్రసే. నేను సర్వర్‌ని వేరే జోన్‌లో పెట్టమంటాను. అప్పుడు జవాబు ఎలాగూ ఫైర్‌వాల్ మీదుగానే పోవాలి, సోర్స్ మార్చాల్సిన అవసరం ఉండదు. లోపలి డీఎన్ఎస్‌లో (పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్లో) అదే పేరుకి ప్రైవేటు అడ్రస్ చెప్పించడం ఇంకో పద్ధతి. చాలాకాలం నేనూ దానివైపే మొగ్గేవాణ్ని. ఈమధ్య బ్రౌజర్లు మన డీఎన్ఎస్‌ని వదిలేసి బయటి డీఎన్ఎస్‌ని ఎన్‌క్రిప్షన్‌లో అడుగుతున్నాయి కాబట్టి దానిమీద పూర్తిగా ఆధారపడలేం.

ఇంటి ఫైబర్ కనెక్షన్‌తో ఆఫీసు నడిపేవాళ్లకి ఒక మాట. మీ రౌటర్ బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది 2012లో ఐఎస్‌పీల నాట్ కోసం కేటాయించిన బ్లాకు. పబ్లిక్ ఐపీ మీ దగ్గర లేనే లేదు, పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో ఏం రాసినా దండగ.

చివరగా ఐపీ వెర్షన్ 6. కొత్త లైన్లతో పాటు ఇప్పుడు వీ6 బ్లాకు కూడా ఇస్తున్నారు. మొబైల్ డేటాలో మనమంతా ఎప్పుడో దానిమీదికి వెళ్లిపోయాం. వీ6లో నాట్ అవసరం ఉండదు. ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కీ, ప్రతి ప్రింటర్‌కీ, ఆ డీవీఆర్‌కీ ప్రపంచమంతా చేరగలిగే సొంత అడ్రస్ వస్తుంది. నాట్‌నే గోడ అనుకున్నవాళ్లకి ఆ గోడ మాయమైపోతుంది. పైగా కొన్ని ఫైర్‌వాల్స్‌లో పాలసీలో రాసిన ఎనీ అంటే వీ4, వీ6 రెండూ వస్తాయి. ఎప్పుడో ఓనర్ వాచీ చూసుకుంటుంటే హడావుడిలో రాసిన ఆ ఒక్క లైను, ఒక సర్వర్ కోసం రాసింది, ఆఫీసు మొత్తానికి వర్తిస్తుంది. అందుకే వీ6 ఆన్ చేయమని ఎవరైనా అడిగితే నేను ముందు పాలసీ పేజీలో బయటినుంచి లోపలికి ఉన్న రూల్స్‌లో ఎనీ ఎక్కడుందో వెతుకుతాను. ప్రతిదానికీ అసలు అడ్రస్, అసలు పోర్టు రాశాకే ఆ స్విచ్ దగ్గరికి పోతాను. లాడ్జీ అయితే మొదట గెస్ట్ వైఫైలో ఒక్కటే ఆన్ చేసి, మొబైల్ డేటా మీదినుంచి లోపలి అడ్రస్‌లని తట్టి చూసి, ఏదీ పలకలేదని తేలాకే ఆఫీసు వైపు వస్తాను.